ఎంపిక – ఎడబాటు

ఉద్దేశ్యం: వైద్య కళాశాలను ఎంచుకొనే విద్యార్థి వృత్తి జీవితంతోపాటు ఆత్మీయ బంధాలను కూడా ఆలోచించుకోవాలని, ఆ ఆలోచనలో తనవారికి భాగం కల్పించాలని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశ్యం.

పాఠ్యభాగం

కదిరి నుండి మదనపల్లెకు పోయే రహదారిపై తనకల్లు ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే కరవు సీమ ఇది. వాన కురిస్తే వేరుశనగ పండుతుంది; కురవకపోతే అప్పు మిగులుతుంది. బోరు ఎండిన ఏడు పిల్లల చదువు కూడా ఇంటిల్లిపాదికీ చింతగా మారుతుంది.

ఇటువంటి పల్లెలోని ఒక రైతు కుమార్తెకు నీట్ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చిందని ఊహించవచ్చు. రాష్ట్ర కౌన్సెలింగులో అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు లభిస్తుంది. జాతీయ కౌన్సెలింగులో మంగళగిరి ఎయిమ్స్‌లో మరొక సీటు వస్తుంది. రెండింటినీ చివరి వరకు పట్టి ఉంచుకొనే వీలు లేదు. "యాడైనా చదువుకో తల్లీ" అంటాడు తండ్రి. మంచం పట్టిన అవ్వ మాత్రం ఏమీ అనదు. మనుమరాలి చేయి వదలదు. మేనత్త ఇంటి సంబంధం ఒకటి చాలాకాలంగా మాటల్లో ఉంది. చదువు ముగిసేవరకు వారు ఆగుతారా అన్నది తల్లి దిగులు.

ఈ దిగులుకు కారణం లేకపోలేదు. ఎం.బి.బి.ఎస్. చదువుకు నాలుగున్నర సంవత్సరాలు, ఇంటర్న్‌షిప్‌కు మరొక సంవత్సరం పడుతుంది. ఆపై పి.జి.కి మూడేళ్లు కావాలి. పదునెనిమిదేళ్ల వయసులో చదువులో చేరిన విద్యార్థిని నిపుణురాలై బయటికి వచ్చేసరికి సుమారు ఇరవై ఏడేళ్లు వస్తాయి. యౌవనంలో ముఖ్యమైన భాగమంతా ఆసుపత్రి వరండాలలోనే గడుస్తుంది. అందుచేత కళాశాల ఎంపిక అంటే ఆ కాలంలో ఎవరికి దగ్గరగా ఉండాలి, ఎవరికి దూరం కావాలి అనే నిర్ణయం కూడా.

దూరం రాయలసీమకు కొత్త కాదు. కర్నూలు వైద్య కళాశాల 1957లోను, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లోను ప్రారంభమయ్యాయి. అనంతపురానికి ఆ భాగ్యం 2000లో దక్కింది. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో తెలుగు జిల్లాల యువకులు వైద్యపట్టా కోసం మద్రాసు వెళ్లవలసి వచ్చేది. ఆ మద్రాసు వైద్య కళాశాలలోనే చదివిన ఇద్దరి జీవితాలు ఈ సందర్భంలో గమనింపదగినవి.

మొదటివారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించారు. ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. 1919లో వివాహమైంది, చదువుకు మామగారు ధనసహాయం చేశారు. ఖద్దరు ధరించి ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహానికి గురికావడంతో సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి గల ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఉన్నత పరిశోధన కోసం ఆయన అమెరికాకు పయనమయ్యారు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్య శేషగిరికి మాట ఇచ్చారు.

ఆ మూడేళ్లు ఎన్నటికీ ముగియలేదు. హార్వర్డులో చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పని చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఏ.టి.పి. పదార్థాలను వెలుగులోకి తెచ్చారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లం తయారీకి నాయకత్వం వహించారు. సోదరులను కబళించిన స్ప్రూకు ఆ ఫోలిక్ ఆమ్లమే ఔషధమైంది. అయితే స్వదేశంలో పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. 1948లో సుబ్బారావు అమెరికాలోనే మరణించారు. దంపతులు మరల కలుసుకోలేదు. లోకం పొందిన ఔషధాల వెనుక ఒక స్త్రీ నిరీక్షణ ఉంది. అంత సుదీర్ఘ నిరీక్షణకు ఆమె సమ్మతిని అడిగినవారు లేరు.

రెండవవారు ముత్తులక్ష్మీరెడ్డి. 1886లో పుదుక్కోటలో జన్మించి, 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో పట్టభద్రురాలయ్యారు. 1914లో డాక్టర్ సుందరరెడ్డిని వివాహమాడే ముందే ఒక నియమం పెట్టారు: భర్త తనను సమానురాలిగా గౌరవించాలి, తన ఆశయాలకు అడ్డు రాకూడదు. ఆయన అంగీకరించారు. ఆమె ఇద్దరు బిడ్డల తల్లిగా, వైద్యురాలిగా జీవిస్తూనే 1926లో మద్రాసు శాసనమండలికి నియమితురాలయ్యారు. చెల్లెలిని క్యాన్సర్ వ్యాధి బలిగొన్న దుఃఖం నుండి, 1954లో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రిని నెలకొల్పారు.

కళాశాల ఒక్కటే, జీవితాలు వేరు. ఒకరి చదువు మాట మీద సాగింది, మరొకరి దాంపత్యం ఒప్పందం మీద నిలిచింది. సుబ్బారావు కృషిని తక్కువ చేయడం ఎవరికీ తగదు. కాని ఆయన పయనం మూల్యాన్ని ఇంటివారు చెల్లించారన్నది మరువరాదు.

తనకల్లు విద్యార్థిని ముందున్న ప్రశ్నకు సిద్ధమైన సమాధానం లేదు. రెండు చోట్లా ఎం.బి.బి.ఎస్. పట్టాయే వస్తుంది. ఎయిమ్స్‌లో పరిశోధన వసతులు అధికం. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో పల్లె రోగులే గురువులు. ఒకచోటి నుండి పండుగకు మాత్రమే రావచ్చు. మరొకచోటి నుండి అవ్వకు జ్వరం వస్తే కదిరి మీదుగా ఒక్క పూటలో ఇల్లు చేరవచ్చు. సీటు ఖరారు చేసే ముందు ఆమె ఈ సంగతులన్నీ ఇంటి అరుగు మీద విప్పి చెప్పాలి. ఎన్నేళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో, పెళ్లి మాట ఎప్పుడో దాచకుండా పలకాలి. మేనత్త కుటుంబం ఆగలేమంటే అది కూడా ముందే తెలియడం మేలు. అవ్వ ఏమంటుందో ఆమెనే అడగాలి. మౌనాన్ని అంగీకారమని భావించరాదు.

రోగి నాడి చూడడానికి ముందు ఇంటివారి మనసు చూడగలగడం వైద్యునికి తొలి అభ్యాసం.

కఠిన పదాలు – అర్థాలు
ఎడబాటు = వియోగం
నిరీక్షణ = ఎదురుచూపు
మూల్యం = వెల
సమ్మతి = అంగీకారం
కబళించు = మింగివేయు

ప్రశ్నలు
1. తనకల్లు విద్యార్థిని తల్లి దిగులుకు కారణాలను వివరించండి.
2. సుబ్బారావు, ముత్తులక్ష్మీరెడ్డి జీవితాలలో వృత్తికి, కుటుంబానికి గల సంబంధాన్ని పోల్చి రాయండి.
3. "మౌనాన్ని అంగీకారమని భావించరాదు" – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.