“గీజరు మంచిదే, మీ ఇల్లే పాతది”

శీతల దేశములలో ఒక్క గ్యాసు పొయ్యితో నీటిని కాచి, గొట్టముల గుండ గదిగదికిని పారించి, ఇల్లంతయు వెచ్చగా నుంచుకొనుట సామాన్యము. జమ్మికుంటలో చలి పుష్యమాసముతో వెనుకకు తగ్గునది గనుక మనకు కావలసినది ఇల్లంతటి వెచ్చదనము కాదు, తెల్లవారుజామున తలకు పోసికొనుటకు చాలినంత వేడినీరు. పెరటిలో కట్టెల పొయ్యిపై కాగు పెట్టు అలవాటు క్రమక్రమముగా తొలగిపోవగా, మట్టిగోడల గూనపెంకల ఇండ్లలోనికి సైతము గ్యాసు గీజరు ప్రవేశించినది. అట్టి ఇండ్లలో స్నానపు గది తరచుగా తరువాతి కాలమున ఏదో ఒక మూలను గోడ పెట్టి కల్పించుకొన్నదే; దానికి తలుపు ఉండును గాని కిటికీ యుండదు.

ఆపద యంతయు ఆ కిటికీ లేకపోవుటలోనే యున్నది. సిలిండరు గ్యాసు కారినచో ముక్కునకు తెలియుటకై దానిలో దుర్వాసన గల ద్రవ్యమును కలుపుదురు. కాని గాలి చాలక గ్యాసు అరకొరగా మండినపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. స్నానము చేయువారు తల తిరిగి కూలబడుదురు. గడియ లోపలినుండి వేసియుండును.

ఇట్టి ఘోరము జరిగిన పిదప అమ్మినవారు చెప్పు సమాధానము తరచుగా ఒక్కటే: “గీజరు మంచిదే, మీ ఇల్లే పాతది.” దుఃఖములో నున్నవారు అది నిజమే కాబోలునని ఊరకుందురు. ఊరకుండవలసిన పని లేదు. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, వస్తువువలన కలిగిన హానికి బాధ్యతను తయారుచేసినవారిపైనను, సేవ చేసినవారిపైనను, అమ్మినవారిపైనను వేరువేరుగా మోపినది. వస్తువు నిర్దుష్టమైనను, దానిని వాడవలసిన తీరును, తప్పుగా వాడినచో వాటిల్లు కీడును తగినట్లు తెలుపనిచో 84వ సెక్షను క్రింద తయారీదారు బాధ్యుడగును. సేవ లోపభూయిష్ఠమైనచో, లేదా తగిన హెచ్చరిక చేయనిచో 85వ సెక్షను క్రింద బిగించినవాడు బాధ్యుడు. బిగించుటలో, తనిఖీ చేయుటలో తగు జాగ్రత్త వహింపక, లేదా తయారీదారు వ్రాసిన హెచ్చరికను కొనువారికి అందింపక పోవుటయే హానికి కారణమైనచో 86వ సెక్షను అమ్మినవానిని పట్టుకొనును. కిటికీ లేని గదిని కన్నులార చూచి, “ఇక్కడ బిగింపను” అని చెప్పవలసినవాడు చెప్పక మేకులు కొట్టెనేని, ఇల్లు పాతదని తెలిసియుండుట వాని తప్పును పెంచునే గాని తగ్గింపదని నా అభిప్రాయము.

ఎదుటి పక్షమునకును ఆయుధము లేకపోలేదు. వస్తువును దుర్వినియోగము చేసినను, మార్పులు చేసినను అమ్మినవానిపై దావా నిలువదని 87వ సెక్షను చెప్పుచున్నది. అందరికిని తెలిసిన ప్రమాదమును గూర్చి హెచ్చరింపలేదని తయారీదారును తప్పుపట్టరాదనియు అందులోనే యున్నది. మూసిన గదిలో నిప్పు ప్రమాదమని ఎవరికి తెలియదని వారు వాదింతురు. పొగ చిమ్ము కుంపటి విషయమున అది నిజమే. పొగ కనబడని నీలిమంట ప్రాణము తీయునని ఎందరికి తెలియును? ఈ ప్రశ్నకు బలము చేకూరవలెనన్న, తెలిసిన కుర్రవానిచేత పైపులు మార్పించుకొనుట వంటి సాహసములు మన పక్షమున ఉండరాదు.

కాగితముల మాట. “బిగింపు ఉచితము” అను మాటకు సంతోషింపకుడు; ఉచితముగా చేసిన పని చట్టదృష్టిలో సేవ కాదు. బిగింపు ఖర్చు ధరలోనే చేరియున్నదని బిల్లుపై వ్రాయించుకొనుడు. ఐఎస్ఐ ముద్ర చూచుకొని, సూచనల పుస్తకమును అడిగి పుచ్చుకొని, బిగింపునకు ముందు గదిని ఫొటో తీసియుంచుడు. కిరాయి ఇంటిలో నున్నవారు గోడకు రంధ్రము వేయక మునుపే యజమానిచేత అంగీకారమును వ్రాతమూలకముగా పొందుట మేలు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను ప్రకారము కిరాయిదారు ఇంటికి నష్టము చేయరాదు గాని, తాను బిగించుకొన్న దానిని ఖాళీ చేయుటకు ముందు తీసికొనిపోవచ్చును. ఇంగ్లండులో కిరాయి ఇంటి గ్యాసు పరికరములను ఏటేట నమోదైన పనివానిచేత పరీక్షింపజేయుట 1998 నాటి నిబంధనల ప్రకారము ఇంటి యజమాని విధి. మన యజమానులు వినినచో నవ్వుదురేమో.

సిలిండరు బీమాను మాత్రమే నమ్ముకొనరాదు. ప్రభుత్వరంగ చమురు కంపెనీలు వినియోగదారుల నుండి ప్రీమియము వసూలు చేయకయే బీమా చేయించుచున్నవి గాని, అది గ్యాసు ప్రధాన కారణమైన అగ్నిప్రమాదముల కొరకు ఉద్దేశించినది. మంట లేకుండ విషవాయువుచే పోయిన ప్రాణమునకు వినియోగదారుల చట్టమే దారి. ఆ దారిలో మొదటి మెట్టు కఠినమైనది: పోలీసులకు తెలిపి శవపరీక్ష చేయించుట, రక్తములో కార్బన్ మోనాక్సైడు పరీక్షను కోరుట. శరీరమును కోయించుటకు మనసొప్పక చాలమంది వలదందురు. అప్పుడు మరణము గుండెపోటు పద్దులో చేరిపోవును, పిమ్మట ఏ న్యాయవాదియు దానిని మార్చలేడు.

మృతుని వారసులును ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ బొంబాయిలో నున్నను, ఫిర్యాదుదారు నివసించు జిల్లాలోనే వ్యాజ్యము వేయవచ్చును గనుక జమ్మికుంటవారికి కరీంనగరు జిల్లా వినియోగదారుల కమిషనే చాలును. వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షల లోపైనచో రుసుము లేదు, వకీలును పెట్టుకొనక తామే వాదించుకొనవచ్చును. వకీలు కావలెనన్నచో స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా ఏర్పాటు చేయును, ఫోను 15100. గ్యాసు కారిన సమయమున పిలువవలసినది 1906. ఫిర్యాదునకు గడువు 2 సంవత్సరములు. అది దాటినచో ఆలస్యమునకు తగిన కారణము చూపి కమిషనును ఒప్పింపవలెను.