జడ్జి కుర్చీలో ఆడవాళ్లు

కోదాడ దగ్గర ఒక పల్లె అనుకోండి. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల పొలం. తండ్రి చనిపోయాడు. కొడుకులిద్దరూ చెరి రెండెకరాలు పంచుకున్నారు. కూతురికి ఏమీ ఇవ్వలేదు. "పెళ్లప్పుడు కట్నం ఇచ్చినం గదా" అన్నారు. పెద్దమనుషులు కూడా తలలు ఊపారు. ఆ పంచాయితీలో కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే.

చట్టం మాత్రం ఇంకో మాట చెబుతుంది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. తాత తండ్రుల ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ చట్టం మార్చింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కూతురే అన్నది. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదు అనే మాట చట్టంలో ఎక్కడా లేదు.

ఆ కూతురు ధైర్యం చేసి దావా వేసిందనుకోండి. ముందు కోదాడ కోర్టు. అక్కడ ఓడితే సూర్యాపేట జిల్లా కోర్టు. ఆ పైన హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు. అన్నిటికన్నా పైన ఢిల్లీలో సుప్రీంకోర్టు. ఇన్ని మెట్లు ఎక్కాలి. ప్రతి మెట్టు మీదా ఒక జడ్జి గారు కూర్చుని ఉంటారు. ఆ కుర్చీలో ఆడవాళ్లు ఎంతమంది?

కింది మెట్టు మీద బాగానే ఉన్నారు. ఈ మధ్య లెక్కల ప్రకారం తెలంగాణ కింది కోర్టుల జడ్జీల్లో సగానికి మించి ఆడవాళ్లే. పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకుని వచ్చినవాళ్లు వాళ్లు. పైకి పోయేకొద్దీ ఆ లెక్క తగ్గిపోతుంది. దేశంలోని 25 హైకోర్టులూ కలిపి చూస్తే నూటికి పద్నాలుగు మంది దాకానే ఆడ జడ్జీలు. సుప్రీంకోర్టు 1950లో మొదలైంది. 2021 దాకా అక్కడ జడ్జీలైన ఆడవాళ్లు మొత్తం 11 మంది.

అసలు ఒకప్పుడు ఆడవాళ్లను వకీలుగానే ఒప్పుకోలేదు. కలకత్తాలో రెజీనా గుహ అనే ఆమె లా చదివి పాసైంది. వకీలుగా పేరు రాసుకోమని అడిగింది. 1916లో కలకత్తా హైకోర్టు కాదన్నది. వకీలు అంటే మగవాడే అని జడ్జీలు అర్థం చెప్పారు. చదువుంది, తెలివుంది, పాసైన కాగితం ఉంది. అయినా తలుపు తెరవలేదు. 1923లో చట్టం వచ్చాకే ఆడవాళ్లు కోర్టులో నిలబడి వాదించే హక్కు వచ్చింది.

వకీలు అయితేనే కదా జడ్జి అయ్యేది. అన్నా చాందీ అనే ఆమె 1937లో తిరువాన్కూరు సంస్థానంలో మునసబు జడ్జి అయింది. మన దేశంలో మొదటి మహిళా జడ్జి ఆమే. 1959 ఫిబ్రవరిలో ఆమె కేరళ హైకోర్టు జడ్జి అయింది. హైకోర్టు జడ్జి కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చోవడం ఈ దేశంలో అదే మొదలు.

మరి మన సంగతి? ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదుకు వచ్చింది. గుంటూరు రోజుల నుంచీ లెక్కపెడితే ఇరవై నాలుగేళ్ల పాటు అక్కడ ఒక్క ఆడ జడ్జి లేదు. 1978లో అమరేశ్వరి గారు వచ్చారు.

అమరేశ్వరి గారిది పెద్ద వకీళ్ల వంశం కాదు. గుంటూరు జిల్లా అప్పికట్లలో 1928లో ఒక రైతు ఇంట్లో పుట్టారు. ఆ రోజుల ఆచారం ప్రకారం చిన్న వయసులోనే పెళ్లి చేశారు. చాలామంది ఆడపిల్లల చదువు అక్కడే ఆగిపోతుంది. ఈమె చదువు ఆగలేదు. పెళ్లయ్యాకే పెద్ద చదువులు చదివారు. లా చదివి వకీలయ్యారు. 1978 ఏప్రిల్‌లో హైకోర్టు జడ్జి అయ్యారు. 1990లో 62 ఏళ్లు నిండాక పదవి నుంచి దిగారు. హైకోర్టు జడ్జికి ఉద్యోగ వయసు అంతవరకే. రైతు ఇంటి కూతురు నల్లకోటు వేసుకుని పన్నెండేళ్లు ఆ ఎత్తు కుర్చీలో కూర్చుని తీర్పులు చెప్పారు.

ఆమె తరవాత దారి ఒక్కసారిగా తెరుచుకుందా? లేదు. ఒకరూ ఇద్దరూ వచ్చారు. ఆ కొద్దిమందిలోనే దేశానికి పనికొచ్చినవాళ్లు ఉన్నారు. మన హైకోర్టులో జడ్జిగా చేసిన టి. మీనాకుమారి గారు 2013లో మేఘాలయ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రధాన న్యాయమూర్తి అంటే ఆ కోర్టులోని జడ్జీలందరికీ పెద్ద. మేఘాలయకు సొంత హైకోర్టు పెట్టింది ఆ ఏడే, దానికి మొదటి పెద్ద ఒక తెలుగు ఆడమనిషి. జి. రోహిణి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివారు. 2001లో మన హైకోర్టు జడ్జి అయ్యారు. 2014లో ఢిల్లీ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. ఢిల్లీలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మహిళ ఆమె.

మన దగ్గర మాత్రం ఆ కుర్చీలో ఒక మహిళ కూర్చోవడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. 2019 జనవరి 1న తెలంగాణ హైకోర్టు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుపడ్డాయి. 2021 జనవరి 7న ఢిల్లీ నుంచి వచ్చిన హిమా కోహ్లీ గారు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. ఆ ఆగస్టులోనే ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అదే ఏడు ఇంకో మంచి పని జరిగింది. తెలంగాణ హైకోర్టులో జడ్జి పోస్టులు 24 నుంచి 42కు పెంచారు. అక్టోబరులో ఏడుగురు కొత్త జడ్జీలు ప్రమాణం చేశారు. వాళ్లలో నలుగురు ఆడవాళ్లు. పి. శ్రీసుధ, సి. సుమలత, జి. రాధారాణి, పి. మాధవీదేవి. మొదటి ముగ్గురూ కింది కోర్టుల్లో ఏళ్ల తరబడి జడ్జీలుగా పనిచేసి వచ్చినవాళ్లు. తరవాతి ఏడు మార్చిలో ఇంకొందరు వచ్చారు. ఇరవై నాలుగేళ్లు ఒక్కరూ లేని చోట ఒక్క రోజే నలుగురు. పోస్టులు పెరిగితే, చూసే కన్ను ఉంటే, అర్హులైన ఆడవాళ్లు దొరుకుతారని దీన్నిబట్టి తెలుస్తుంది. "అర్హులు లేరు" అనే మాట ఇక చెల్లదు.

మరి దేశమంతటా ఎందుకు తక్కువ? హైకోర్టు జడ్జి కావడానికి పరీక్ష లేదు. పదేళ్లు హైకోర్టులో వకీలుగా గాని, పదేళ్లు జడ్జిగా గాని పనిచేసి ఉండాలి. ఆ పైన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన తరవాతి ఇద్దరు పెద్ద జడ్జీలు కలిసి పేర్లు పంపుతారు. సుప్రీంకోర్టు పెద్దలు చూస్తారు. కేంద్ర ప్రభుత్వం చూస్తుంది. చివరికి రాష్ట్రపతి నియమిస్తారు. పేర్లు పంపేవాళ్లు ఎక్కువమంది మగవాళ్లే. తమ కళ్ల ముందు రోజూ వాదించే పెద్ద వకీళ్లే వాళ్లకు గుర్తుకొస్తారు. ఆ పెద్ద వకీళ్లూ ఎక్కువమంది మగవాళ్లే.

వకీలు పని తెల్లారితే మొదలై రాత్రి పదికి గాని ఆగదు. పిల్లలు పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో ఉన్న ఆడమనిషి తిరిగి వచ్చేసరికి కేసులు వేరేవాళ్ల చేతికి పోతాయి. మగవాడికి ఆ నాలుగేళ్ల నష్టం ఉండదు. ఇంకో చిన్న సంగతి ఉంది, చిన్నదే గాని బరువైనది. 2021లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న మన తెలుగాయన ఎన్.వి. రమణ గారు ఒక లెక్క చెప్పారు. దేశంలోని సుమారు 6,000 కింది కోర్టుల్లో నూటికి 22 చోట్ల ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోర్టులో నిలబడే వకీలమ్మ ఏం చేయాలి? పేషీకి వచ్చిన పల్లె ఆడవాళ్లు ఏం చేయాలి? ఆడవాళ్లు వస్తారని అనుకోకుండా కట్టిన కోర్టులు అవి.

సర్పంచి పదవుల్లో ఆడవాళ్లకు వాటా ఉంది. ఇప్పుడు తెలంగాణలో అది సగం. హైకోర్టు జడ్జీలకు అలాంటి వాటా చట్టంలో లేదు. రమణ గారైతే సగం కావాలని అన్నారు. అది దానం కాదు, హక్కు అని కూడా అన్నారు.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేస్తారు. "జడ్జి ఆడైతే ఏంది, మగైతే ఏంది? చట్టం ఒకటే గదా?" మంచి ప్రశ్నే. రెండు కేసులు చూద్దాం.

రాజస్థాన్‌లో భంవరీ దేవి అనే ఆమె ప్రభుత్వ పథకంలో కార్యకర్త. పల్లెలో బాల్యవివాహం ఆపబోయింది. ఆ కోపంతో 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. కింది కోర్టు ఆ నేరం కింద ముద్దాయిలను వదిలేసింది. మహిళా సంఘాలు ఊరుకోలేదు. పనిచేసే చోట ఆడవాళ్లకు రక్షణ కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో తీర్పు వచ్చింది. ప్రతి ఆఫీసులో ఫిర్యాదు కమిటీ ఉండాలి, దానికి పెద్దగా ఒక మహిళ ఉండాలి అని కోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురు జడ్జీల్లో ఒకరు సుజాతా మనోహర్ గారు. 2013లో అదే చట్టమైంది.

రెండో కేసు ఇంకోలా ఉంటుంది. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక ముద్దాయికి జామీను ఇచ్చింది. ఒక ఆడమనిషిని వేధించిన కేసు అది. ఆమె ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలని షరతు పెట్టింది. ఆడ వకీళ్లు కొందరు దీనిపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 మార్చిలో ఆ షరతును కొట్టేసింది ఇద్దరు మగ జడ్జీలే. కాబట్టి మగ జడ్జికి న్యాయం తెలియదని అనలేం. ఆడ జడ్జి ప్రతిసారీ ఆడవాళ్ల వైపే తీర్పు చెబుతుందనీ అనలేం, చెప్పకూడదు కూడా. కాని వేధించినవాడు గుమ్మంలో నిలబడి చెయ్యి చాపితే ఆమెకు ఎలా ఉంటుంది? ఆ మాట తీర్పు రాసే ముందే తట్టాలి. సగంమంది బతుకు తెలిసినవాళ్లు బెంచీ మీద అసలు లేకపోతే, తట్టడం ఆలస్యమవుతుంది.

బయటి దేశాలు మనకన్నా చాలా ముందున్నాయని అనుకోవద్దు. అమెరికా సుప్రీంకోర్టులో మొదటి మహిళ 1981లో వచ్చింది. మనకు ఫాతిమా బీవీ గారు 1989లో వచ్చారు. తేడా ఎనిమిదేళ్లే. మన పక్కనున్న నేపాల్‌లో సుశీలా కార్కీ 2016లోనే అక్కడి సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయింది. పాకిస్తాన్ సుప్రీంకోర్టులో మొదటి మహిళా జడ్జి 2022లో వచ్చింది. మన సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా మహిళ ఇంతవరకూ రాలేదు. వరస తప్పకపోతే కర్ణాటకకు చెందిన బి.వి. నాగరత్న గారికి 2027 సెప్టెంబరులో ఆ అవకాశం వస్తుంది. 65 ఏళ్లు నిండగానే దిగిపోవాలి కాబట్టి ఆమె ఆ కుర్చీలో ఉండేది 36 రోజులు.

కేంద్రంలో మాట్లాడుకోండి: మీకు దగ్గరి కోర్టులో జడ్జి గారు ఆడా, మగా? ఈసారి వాయిదాకు పోయి వచ్చినవాళ్లను అడగండి. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి, కూర్చునే చోటు ఉన్నాయా? ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 1987 నాటి చట్టంలో ఈ హక్కు ఉంది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా కమిటీలో దరఖాస్తు ఇవ్వాలి. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. ఆ నంబరును గోడ మీద పెద్ద అంకెల్లో రాయండి.