రిజిస్టర్ కిటికీల ప్రాసెసర్‌లో హద్దులు దాటే గెంతు

కిరాణా కొట్టులో రద్దీగా ఉన్నప్పుడు యజమాని ప్రతి అరువునూ వెంటనే ఖాతా పుస్తకంలో రాయడు. చేతికందిన చీటీ మీద రాసి పక్కన పెడతాడు. తీరిక దొరికాక ఆ చీటీలను పుస్తకంలోకి ఎక్కిస్తాడు. ఈలోగా ఎవరైనా వచ్చి పుస్తకం ఒక్కటే చూసి లెక్క తేలిస్తే తప్పు వస్తుంది. పుస్తకంలో రాసినది నిజమే. కానీ చీటీల మీద ఉన్న సంగతి ఇంకా అందులోకి చేరలేదు.

కంప్యూటర్ ప్రాసెసర్లలో ఒక తరగతి అచ్చం ఇలాగే పనిచేస్తుంది. వాటిలో రిజిస్టర్ కిటికీలు ఉంటాయి. అందులో అందరికీ బాగా తెలిసినది స్పార్క్. ఇలాంటి ప్రాసెసర్ మీద సీ భాషలోని సెట్‌జంప్, లాంగ్‌జంప్ అనే రెండు చిన్న ఫంక్షన్లను అసెంబ్లీలో ఎలా రాస్తారో ఈ పాఠంలో చూద్దాం. సీ, అసెంబ్లీలతో కొద్దిపాటి పరిచయం ఉంటే చాలు.

అసలు ఈ గెంతు ఎందుకు?

గణిత వాక్యాలను చదివి విలువ కట్టే ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకుందాం. అందులో ‘నియంత్రణ’ అనే ఫంక్షన్ ‘వాక్యం’ను పిలుస్తుంది. అది ‘పదం’ను, అది ‘అంకె’ను పిలుస్తాయి. అంకె ఉండాల్సిన చోట అక్షరం కనిపించింది. ఇక ముందుకు వెళ్లి లాభం లేదు. ప్రతి ఫంక్షనూ తనను పిలిచినదానికి ‘తప్పు జరిగింది’ అని చెప్పుకుంటూ వెనక్కి రావచ్చు. లేదా ‘అంకె’ నుంచి నేరుగా ‘నియంత్రణ’లోకి గెంతవచ్చు. మధ్యలోని ఫంక్షన్లను వదిలేసి ఇలా వెళ్లడాన్నే నాన్-లోకల్ జంప్ అంటారు.

సీ భాషలో దీనికి రెండు మెట్లు. ముందుగా ‘నియంత్రణ’ సెట్‌జంప్‌ను పిలిచి, తానున్న చోటును ఒక చిన్న బఫర్‌లో గుర్తు పెట్టుకుంటుంది. అప్పుడు సెట్‌జంప్ 0 ఇస్తుంది. తర్వాత లోపల ఎక్కడో ఉన్న ‘అంకె’ అదే బఫర్‌తో లాంగ్‌జంప్‌ను పిలుస్తుంది. వెంటనే సెట్‌జంప్ రెండోసారి తిరిగి వచ్చినట్టు అవుతుంది. ఈసారి 0 కాని విలువ వస్తుంది. లాంగ్‌జంప్‌కు పొరపాటున 0 ఇచ్చినా దాన్ని 1గా మార్చాలని సీ ప్రమాణం చెబుతోంది.

మామూలు ప్రాసెసర్‌లో సంగతి

ఐఐటీ మద్రాస్‌లో రూపొందిన శక్తి ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ అనే ఆదేశ సమితిని వాడతాయి. అందులో కిటికీలు లేవు. కాబట్టి సెట్‌జంప్ రాయడం సులువు. తిరిగి వెళ్లాల్సిన చిరునామా, స్టాక్ పాయింటర్, పిలిచినవారి కోసం కాపాడాల్సిన 12 రిజిస్టర్లు, మొత్తం 14 విలువలను బఫర్‌లో దాస్తే సరి. దశాంశ స్థానాల లెక్కలకు విడిగా రిజిస్టర్లు ఉంటే వాటినీ చేర్చాలి. లాంగ్‌జంప్ ఆ విలువలను వెనక్కి నింపి, దాచిన చిరునామాకు గెంతుతుంది. దాచు, నింపు, గెంతు అంతే.

స్పార్క్‌లో ఈ మూడు మాటలు చాలవు. ఎందుకో తెలియాలంటే కిటికీల అమరిక అర్థం కావాలి.

రిజిస్టర్ కిటికీ అంటే?

ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ రిజిస్టర్లను మెమరీలో దాచి, తిరిగి నింపడానికి సమయం పడుతుంది. ఆ ఖర్చు తగ్గించాలని 1980ల మొదట్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్ బృందం రిస్క్ ప్రాజెక్టులో కిటికీల పద్ధతిని అమలు చేసింది. సన్ మైక్రోసిస్టమ్స్ ఆ ఆలోచనను స్పార్క్‌లోకి తీసుకుంది. 1987లో వచ్చిన సన్-4 యంత్రాలతో అది మార్కెట్లోకి అడుగుపెట్టింది. మన దేశంలో 1998లో సీ-డ్యాక్ రూపొందించిన పరమ్ 10000 సూపర్‌కంప్యూటర్‌లో ఉన్నవి కూడా ఈ కుటుంబానికి చెందిన అల్ట్రాస్పార్క్ ప్రాసెసర్లే.

స్పార్క్‌లో ఒక ఫంక్షన్‌కు ఏ క్షణంలోనైనా 32 రిజిస్టర్లు కనిపిస్తాయి. వాటిలో 8 గ్లోబల్, అంటే అందరికీ ఉమ్మడి. మిగతా 24 ఆ ఫంక్షన్ కిటికీలోవి: 8 ఇన్, 8 లోకల్, 8 అవుట్. పిలిచే ఫంక్షన్ తన అవుట్ రిజిస్టర్లలో వాదనలు పెడుతుంది. పిలవబడిన ఫంక్షన్ ‘సేవ్’ అనే ఆదేశాన్ని అమలు చేయగానే కిటికీ ఒక మెట్టు జరుగుతుంది. అంతకుముందు అవుట్‌గా ఉన్నవే ఇప్పుడు ఇన్‌గా కనిపిస్తాయి. విలువలు ఎక్కడికీ కదలవు, చూసే చోటు మాత్రమే మారుతుంది. పని ముగిశాక ‘రీస్టోర్’ ఆదేశం కిటికీని వెనక్కి జరుపుతుంది.

మనకు ముఖ్యమైనవి రెండు జతలు. అవుట్-6 అంటే స్టాక్ పాయింటర్. సేవ్ తర్వాత అదే ఇన్-6 అవుతుంది, దాన్ని ఫ్రేమ్ పాయింటర్ అంటారు. కాల్ ఆదేశం తన చిరునామాను అవుట్-7లో ఉంచుతుంది. సేవ్ తర్వాత అది ఇన్-7 అవుతుంది. కాల్ ఆదేశం 4 బైట్లు, దాని వెంటనే అమలయ్యే డిలే స్లాట్ ఆదేశం ఇంకో 4 బైట్లు. అందుకే తిరిగి వెళ్లేటప్పుడు ఆ చిరునామాకు 8 కలుపుతారు.

కిటికీలు అయిపోతే?

చిప్‌లో కిటికీల సంఖ్యకు పరిమితి ఉంది. 8 కిటికీల చిప్‌లో ఒక్కో కిటికీకి 16 చొప్పున 128, గ్లోబల్ 8 కలిపి మొత్తం 136 రిజిస్టర్లు. ఒక కిటికీని ట్రాప్‌ల కోసం ఖాళీగా ఉంచాలి కాబట్టి వాడుకోగలిగేవి 7.

ఎనిమిదో పిలుపు వచ్చినప్పుడు ఓవర్‌ఫ్లో ట్రాప్ పుడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ రంగంలోకి దిగి, అన్నిటికంటే పాత కిటికీలోని 8 లోకల్, 8 ఇన్ రిజిస్టర్లను ఆ ఫంక్షన్ స్టాక్ మీద దాస్తుంది. 32 బిట్ల స్పార్క్‌లో వాటికి 64 బైట్లు కావాలి. అందుకే ప్రతి ఫ్రేమ్ అడుగున, స్టాక్ పాయింటర్ చూపే చోట, 64 బైట్లు ముందే వదిలిపెట్టాలన్నది నియమం. తిరిగి వచ్చేటప్పుడు చిప్‌లో లేని కిటికీ అవసరమైతే అండర్‌ఫ్లో ట్రాప్ పుట్టి, అదే చోటు నుంచి విలువలను నింపుతుంది.

చీటీలు, ఖాతా పుస్తకం పోలిక ఇక్కడే కుదురుతుంది. చిప్‌లోని కిటికీలు చీటీలు, స్టాక్ ఖాతా పుస్తకం. ఏ క్షణంలో ఎన్ని చీటీలు పుస్తకంలోకి ఎక్కాయో మన ప్రోగ్రామ్‌కు తెలియదు.

పాత పద్ధతి వాడితే ఏమవుతుంది?

స్టాక్ పాయింటర్‌ను, తిరుగు చిరునామాను మాత్రమే దాచి, వాటితోనే గెంతామనుకుందాం. ‘అంకె’ నుంచి గెంతగానే ‘నియంత్రణ’లోని సరైన ఆదేశం దగ్గరకే చేరతాం. స్టాక్ పాయింటర్ కూడా సరిగ్గానే ఉంటుంది. కానీ కిటికీ కదల్లేదు. లోకల్, ఇన్ రిజిస్టర్లన్నీ ఇంకా ‘అంకె’వే. ‘నియంత్రణ’ తన చరరాశి అనుకుని వేరొకరి విలువను చదువుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు తర్వాత వస్తుంది. ‘నియంత్రణ’ లోపం గురించి సందేశం చూపించి, తనను పిలిచిన ఫంక్షన్‌కు తిరిగి వెళ్లబోతుంది. తిరుగు చిరునామా కోసం ఇన్-7 చూస్తుంది. అందులో ఉన్నది ‘అంకె’ తిరిగి వెళ్లాల్సిన చిరునామా! దాంతో ప్రోగ్రామ్ నేరుగా ‘పదం’లోకి పోతుంది. ఏ గొడవ నుంచి బయటపడాలని గెంతామో మళ్లీ అందులోకే చేరతాం. లోపం గురించిన సందేశం సరిగ్గానే కనిపించింది కాబట్టి, తప్పు గెంతులోనే ఉందని పట్టుకోవడం కష్టం.

మొదటి మార్గం: మెట్టు మెట్టుగా వెనక్కి

లాంగ్‌జంప్ రీస్టోర్‌ను మళ్లీ మళ్లీ అమలు చేస్తూ ఒక్కో కిటికీ వెనక్కి జరగవచ్చు. ప్రతి మెట్టులో ఫ్రేమ్ పాయింటర్‌ను, సెట్‌జంప్ దాచిన ఫ్రేమ్ పాయింటర్‌తో పోల్చాలి. రెండూ సమానమైతే ‘నియంత్రణ’ కిటికీకి చేరినట్టే. అప్పుడు స్టాక్ పాయింటర్ సరిచేసి గెంతవచ్చు. కిటికీ మెమరీలోకి వెళ్లిపోయి ఉంటే అండర్‌ఫ్లో ట్రాపే దాన్ని తెస్తుంది.

ఇందులో ఒక మెలకువ ఉంది. కిటికీ జరిగిన కొద్దీ ఇన్, లోకల్, అవుట్ అన్నీ మారిపోతాయి. కాబట్టి బఫర్ చిరునామా, తిరిగి ఇవ్వాల్సిన విలువ, వెతుకుతున్న ఫ్రేమ్ పాయింటర్, ఈ మూడింటినీ ముందే గ్లోబల్ రిజిస్టర్లలోకి మార్చుకోవాలి.

గమ్యం నాలుగైదు మెట్ల దూరంలో ఉంటే ఈ మార్గం వేగంగా పనిచేస్తుంది. వందల మెట్లు ఉంటే ఒక్కో మెట్టుకూ ట్రాప్ పుట్టవచ్చు. గమ్యం వేరే స్టాక్ మీద ఉంటే ఎంత వెనక్కి జరిగినా అది ఎదురుపడదు. కో-రొటీన్లు రాసేవారికి ఈ పరిస్థితి తప్పదు.

రెండో మార్గం: చీటీలన్నీ ముందు పుస్తకంలోకి

ఈ మార్గంలో లాంగ్‌జంప్ చేసే పనులు వరుసగా ఇవి.

1. విలువ 0 అయితే 1గా మార్చి, దాన్నీ బఫర్ చిరునామానూ గ్లోబల్ రిజిస్టర్లలో పెట్టాలి.

2. కిటికీలన్నిటినీ ఫ్లష్ చేయాలి. స్పార్క్ 8వ వెర్షన్‌లో 3వ నంబరు సాఫ్ట్‌వేర్ ట్రాప్ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతాం. 9వ వెర్షన్‌లో ఇందుకు విడిగా ఒక ఆదేశమే ఉంది. దీంతో ప్రస్తుత కిటికీ తప్ప మిగిలినవన్నీ స్టాక్‌లోకి చేరతాయి, చిప్‌లో ఉన్నవి చెల్లనివిగా నమోదవుతాయి.

3. బఫర్‌లో దాచిన తిరుగు చిరునామాను అవుట్-7లో పెట్టాలి.

4. బఫర్‌లో దాచిన స్టాక్ పాయింటర్‌ను ఇన్-6లో, అంటే ఫ్రేమ్ పాయింటర్ స్థానంలో పెట్టాలి.

5. ప్రస్తుత స్టాక్ పాయింటర్‌ను దానికంటే 64 బైట్లు కిందికి జరపాలి.

6. అవుట్-7కు 8 కలిపిన చిరునామాకు గెంతాలి. డిలే స్లాట్‌లో రీస్టోర్ ఉంచాలి.

అసలు కిటుకు నాలుగో మెట్టులో ఉంది. ప్రస్తుత కిటికీలో ఇన్-6, వెనక కిటికీలో అవుట్-6 ఒకే రిజిస్టర్. రీస్టోర్ వెనక్కి జరగబోతే అక్కడ చెల్లే కిటికీ లేదు. అండర్‌ఫ్లో ట్రాప్ పుడుతుంది. నింపాల్సిన కిటికీ స్టాక్ పాయింటర్ ఏదని ఆపరేటింగ్ సిస్టమ్ చూస్తే, మనం పెట్టిన ‘నియంత్రణ’ స్టాక్ పాయింటరే కనిపిస్తుంది. అక్కడున్న 64 బైట్లనే నింపుతుంది. మధ్యలో ‘పదం’, ‘వాక్యం’ ఉన్నాయన్న సంగతే దానికి తెలియదు. యంత్రం రోజూ చేసే పనినే, మనకు కావలసిన చిరునామాతో చేయించుకున్నాం.

రీస్టోర్ ఆదేశానికి ఇంకో గుణం ఉంది. అది కూడిక కూడా చేస్తుంది. మొత్తం కొత్త కిటికీలోని రిజిస్టర్‌లో పడుతుంది. గ్లోబల్‌లో ఉన్న విలువకు 0 కలిపి అవుట్-0లో వేయమంటే, కిటికీ మారడం, సెట్‌జంప్ ఫలితం చేరడం ఒకే ఆదేశంతో పూర్తవుతాయి.

ఐదో మెట్టు ఎందుకు?

వెంటనే రీస్టోర్ చేస్తాం కదా, ఆ స్టాక్ పాయింటర్‌తో పనేముంది అనిపించవచ్చు. కానీ ఇంటరప్ట్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అది వస్తే ఆపరేటింగ్ సిస్టమ్ మన ప్రస్తుత కిటికీని కూడా స్టాక్ పాయింటర్ చూపే చోట దాచవచ్చు. ఆ పాయింటర్ ‘నియంత్రణ’ ఫ్రేమ్ మీదే ఉంటే, ఇప్పుడే జాగ్రత్తగా దాచిన 64 బైట్లు చెరిగిపోతాయి. కిందికి జరిపితే వాడుకలో లేని చోట పడతాయి. స్పార్క్‌లో స్టాక్ పాయింటర్ ఒక్క ఆదేశం పాటు కూడా తప్పు చోటును చూపకూడదు. ఎప్పుడో ఒకసారి మాత్రమే బయటపడే లోపాలు ఈ నియమాన్ని మరచినప్పుడే పుడతాయి.

చరరాశి విలువ ఏది?

సెట్‌జంప్‌ను పిలిచినప్పుడు ‘నియంత్రణ’లో ‘లెక్క’ అనే చరరాశి విలువ 0. తర్వాత దాన్ని 5 చేసి ‘వాక్యం’ను పిలిచింది. లాంగ్‌జంప్ తర్వాత ‘లెక్క’ ఎంత?

అది రిజిస్టర్‌లో ఉందనుకుందాం. రిస్క్-ఫైవ్‌లో సెట్‌జంప్ నాడు బఫర్‌లో దాచిన విలువే వెనక్కి వస్తుంది, అంటే 0. స్పార్క్‌లో బఫర్‌లో లోకల్ రిజిస్టర్లు లేవు. ‘వాక్యం’ను పిలిచిన క్షణంలో కిటికీలో ఉన్న విలువ వస్తుంది, అంటే 5. ఒకే ప్రోగ్రామ్‌కు రెండు యంత్రాల్లో రెండు జవాబులు! సెట్‌జంప్ తర్వాత మార్చిన స్థానిక చరరాశి విలువ ఇంతేనని చెప్పలేమని, కచ్చితంగా కావాలంటే దాన్ని వోలటైల్‌గా ప్రకటించాలని సీ ప్రమాణం ఎందుకు అంటోందో ఇప్పుడు అర్థమవుతుంది.

అలాగే సెట్‌జంప్‌ను పిలిచిన ఫంక్షన్ అప్పటికే ముగిసిపోయి ఉంటే దాని ఫ్రేమ్ చోటును ఇంకొకరు వాడుకుని ఉంటారు. అందులోకి గెంతకూడదు.

ఇప్పుడు దీని అవసరం ఉందా?

కొత్తగా వచ్చిన ఆదేశ సమితులు ఎక్కువగా కిటికీల జోలికి వెళ్లలేదు. పిలుపులు చవకైనా, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం, ఇలాంటి గెంతులు ఖరీదయ్యాయి. అయినా స్పార్క్ కథ ముగియలేదు. 2011 జూన్‌లో ప్రపంచంలోనే వేగవంతమైన సూపర్‌కంప్యూటర్‌గా నిలిచిన జపాన్ ‘కే’ కంప్యూటర్‌లో స్పార్క్ ప్రాసెసర్లు ఉండేవి. ఐరోపా అంతరిక్ష నౌకల్లో వాడే లియాన్ ప్రాసెసర్లు స్పార్క్ 8వ వెర్షన్‌వే.

గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒక్కటే. ప్రోగ్రామ్ స్థితి అంతా మనకు కనిపించే రిజిస్టర్లలో, మెమరీలో ఉందని అనుకోకూడదు. యంత్రం దాచుకున్న భాగమూ ఉండవచ్చు. గెంతే ముందు దాన్ని పుస్తకంలోకి ఎక్కించాలి.

మీరే ఆలోచించండి

రెండో మార్గంలో ఫ్లష్ మెట్టును మరచి, మిగిలినవన్నీ సరిగ్గా చేస్తే ‘నియంత్రణ’ ఎవరి లోకల్ రిజిస్టర్లను చూస్తుంది? అది ముగిసినప్పుడు ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్‌లోకి వెళ్తుంది? నాలుగు కిటికీల బొమ్మ గీసి, లాంగ్‌జంప్ ‘అంకె’ కిటికీలోనే పనిచేస్తుందని గుర్తుంచుకుని చూడండి. వెనక కిటికీ ఇంకా చెల్లుతుంది కాబట్టి ట్రాప్ పుట్టదు. మొదటి ప్రశ్నకు జవాబు ‘పదం’, రెండో దానికి ‘వాక్యం’ అని వస్తే పాఠం మీకు అందినట్టే.