కుప్ప యెరువు

భూమి మనకు అన్నము పెట్టుచున్నది. మనము తినగా మిగిలినదానిని తిరిగి భూమికే ఈయవలెనను ధర్మమును మన పూర్వులు ఎఱిగియుండిరి. పల్లెలలో బియ్యపు కడుగు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెములో చేరి పశువులకు ఆహారమగుచుండెను. పేడ, ఇంటి కసవు, పొయ్యిలోని బూడిద పెంటదిబ్బకు పోవుచుండెను. వేసవిలో రైతులు ఆ దిబ్బను త్రవ్వి, యెరువును బండ్లతో పొలములకు తోలుకొనుచుండిరి.

నేటి పట్టణములలో కుడితి గోలెము, పెంటదిబ్బ అరుదుగా కానవచ్చును. మిగిలిన అన్నము, తొక్కలు, ప్లాస్టిక్ సంచులు, గాజుపెంకులు తఱచుగా ఒక్క బుట్టలోనే పడి, ఊరి వెలుపలి చెత్తగుట్టను చేరుచున్నవి. 2022వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదనియు, అందు నూటికి 60 వంతులు ఇండ్లనుండియే వచ్చినదనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమువారు లెక్క కట్టిరి.

చెత్తగుట్ట లోపలికి గాలి చొరదు. గాలి లేనిచోట ఆహారము క్రుళ్లినప్పుడు మీథేను అను వాయువు పుట్టును. అది భూతాపమును పెంచును. నిప్పంటుకొన్నచో గుట్ట దినముల తరబడి మండును. గుట్టనుండి కారు మురికినీరు భూమిలోనికి ఇంకి బావులను చెఱచును. ఆ బాధను అనుభవించువారు ఎవరు? చెత్తను పారవేసినవారు కారు. గుట్ట ప్రక్కన నివసించు పేదలు. మన వంటింటి అజాగ్రత్త మఱియొకరి ముంగిట దుర్గంధమగుట న్యాయమా?

ఈ చిక్కునకు తగిన ఉపాయమును మన దేశమున శాస్త్రీయముగా రూపొందించినవారిలో ఆల్బర్టు హోవర్డు ముఖ్యుడు. ఆయన 1905లో ఇంగ్లాండునుండి బీహారులోని పూసాకు వచ్చెను. ఇక్కడి రైతులకు నేర్పవచ్చిన ఆయన, వారినుండియే ఎంతయో నేర్చుకొనెను. 1924నుండి 1931వఱకు ఇండోరులో పనిచేయుచు, ప్రత్తికట్టె, ఆకు అలము, పేడ, బూడిదలను పొరలు పొరలుగా పేర్చి యెరువు చేయు పద్ధతిని స్థిరపఱచెను. గట్టి ప్రత్తికట్టెను బాటపై పఱపించి, బండి చక్రముల క్రింద నలుగజేయించెడివాడు. కుప్పను మూడుమార్లు తిరుగవేసినచో సుమారు 90 దినములలో యెరువు సిద్ధమయ్యెడిది. యశ్వంత్ వాడ్ అను సహచరునితో కలసి 1931లో ఆయన ప్రకటించిన గ్రంథమువలన ఇండోరు పద్ధతి దేశదేశములకు వ్యాపించెను.

ఇందలి మర్మము స్వల్పము. కంటికి కనబడని సూక్ష్మజీవులే మన పనివారు. వారికి ఆహారము, గాలి, తేమ కావలెను. వారి శ్రమవలన కుప్ప వేడెక్కును. పెద్ద కుప్పలో వేడి 55 డిగ్రీలకు మించి కొన్ని దినములు నిలచినచో, కలుపు విత్తనములును రోగక్రిములును చాలవఱకు నశించును.

ఇంటిలో చిల్లులు గల పెద్ద కుండ ఒకటి చాలును. అడుగున ఎండుటాకులు పఱచి, ఒక వంతు తొక్కలకు రెండు వంతుల ఎండుటాకులు కలిపి, పైన పిడికెడు మట్టి చల్లవలెను. పిండిన గుడ్డవలె తేమ యుండవలెను. వారమునకొకమారు కలియబెట్టవలెను. దుర్వాసన వచ్చినచో తడి హెచ్చినదని గ్రహించి ఎండుటాకులు కలుపుడు. ఎండిపోయినచో నీరు చిలుకరింపుడు. మాంసము, నూనె వేయరాదు. రెండు మూడు నెలలకు అది నల్లనై, తొలకరి మట్టివలె వాసన వేయును. చోటు చాలని ఇండ్లవారు వీధికొక తొట్టి కట్టించుకొని, వంతులవారీగా దానిని చూచుకొనవచ్చును.

ఈ యెరువు నేలను గుల్లగా చేయును. ఇసుక నేలకు నీటిని నిలుపు శక్తి నిచ్చును. అయినను, బాలబాలికలారా, ఒక మాట మఱవకుడు. పండించినవాని చెమటను ఏ యెరువును తిరిగి ఈయజాలదు. కావున విస్తరిలో మెతుకు మిగులనీయకుండుట మొదటి ధర్మము. తప్పక మిగిలినదానిని మట్టికి చేర్చుట రెండవ ధర్మము.