బ్యాగు చాటున దాగే ఆరెంజ్

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. అందుకే అమెరికాకు వచ్చి వేట మొదలుపెట్టే తెలుగు పిల్లలకు ఆ సంగతులు చెప్పే పెద్దలు ఇంట్లో ఉండరు. ఇక్కడ పెన్సిల్వేనియాలో తొలిసారి లైసెన్సు కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. తుపాకి ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు పేల్చకూడదో అక్కడ బాగానే నేర్పుతారు. అడవిలో పక్కనుండి చెప్పాల్సినవి మాత్రం కొన్ని మిగిలిపోతాయి. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం జింకల తుపాకి సీజన్ మొదలవుతుంది. ఆ లోగా ఇవి ఒకసారి చదవండి.

1. చట్టం చెప్పేది కనీసం మాత్రమే. మా రాష్ట్రంలో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ ఉండాలి, చుట్టూ ఎటునుంచి చూసినా కనపడాలి. లెక్కకు అది పదహారు అంగుళాల చదరపు గుడ్డ, అంతే. మసాచుసెట్స్‌లో షాట్‌గన్ సీజన్‌కు 500 చదరపు అంగుళాలు కావాలి. విస్కాన్సిన్‌లో నడుము పైన వేసుకున్న బట్టలో సగం ఆ రంగే ఉండాలి, 2016 నుంచి ఫ్లోరసెంట్ పింక్ కూడా చెల్లుతుంది. వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడి నిబంధన చదువుకుని వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా టోపీ, వెస్టు రెండూ వేసుకోండి. పొదల మధ్య మనిషిలో ముందు కనిపించేది తలే.

2. బ్యాగు తగిలించుకున్నాక వీపు సంగతి మళ్లీ చూసుకోండి. నేను అన్నింటికంటే ముందు చెప్పాలనుకున్నది ఇదే. ఒక ఏడు తొలిరోజు తెల్లవారుజామున కార్లు ఆపే చోట మన కుర్రాడొకడు తయారవుతున్నాడు. కొత్త వెస్టు, కొత్త టోపీ, ముందునుంచి చూస్తే ముచ్చటేసింది. ఆపైన పెద్ద గోధుమరంగు బ్యాగు తగిలించుకుని అటు తిరిగాడు. మెడ దగ్గర వేలెడు ఆరెంజ్, రెండు చంకల పక్కన చెరో పట్టీ, మిగతాదంతా గోధుమరంగే. టోపీ మీద జాకెట్ హుడ్ లాక్కుంటే అదీ పోయేది. జింక రంగున్న మూట ఒకటి పొదల్లో కదులుతున్నట్టే ఉంటుంది. నా దగ్గరున్న రెండో వెస్టు తీసి, భుజాల దగ్గర బ్యాగు పట్టీల్లోంచి దూర్చి, కింద రెండు మూలలూ బ్యాగు అడుగు పట్టీకి ముడివేశాను. రెండు నిమిషాల పని. మీరూ అలాగే చేయొచ్చు. లేదా వానకు కప్పే బ్యాగు కవరు ఆరెంజ్ రంగుది కొనుక్కోవచ్చు. పెద్ద సైజు వెస్టయితే బ్యాగు మీదుగానే తొడుక్కోవచ్చు, కానీ సీసా కావాల్సినప్పుడల్లా విప్పాలి. తయారయ్యాక పక్కవాణ్ణి పదడుగుల వెనక నిలబెట్టి ఎలా కనిపిస్తున్నానో అడగండి. ఒంటరిగా వెళ్తే ఫోన్‌తో వెనకనుంచి ఫొటో తీసుకుని చూడండి.

3. వెచ్చదనం వేరు, రంగు వేరు. ఆరెంజ్ దళసరి జాకెట్ ఒక్కటే కొనుక్కునేవాళ్లకు ఒక చిక్కుంది. బయట గడ్డకట్టే చలి, అయినా గుట్ట ఎక్కుతుంటే పది నిమిషాల్లో చెమట పడుతుంది. చెమటతో కూర్చుంటే వణుకు తప్పదు కాబట్టి జాకెట్ విప్పి బ్యాగులో కుక్కుతారు. అది సరైన పనే, కానీ ఒంటిమీది రంగు కూడా దాంతోపాటే బ్యాగులోకి పోతుంది. అందుకని పల్చటి వెస్టు విడిగా పెట్టుకోండి. చొక్కా మీదా అదే, జాకెట్ మీదా అదే, అన్నింటికంటే పైన. లోపలివి నూలు బట్టలు వద్దు. తడిస్తే ఆరవు. ఉన్నివి మేలు.

4. జింక బెదురుతుందని రంగు దాచొద్దు. జింక కంటికి ఎరుపు, నారింజ రంగులు మనకు తెలిసినట్టు తెలియవు. ఆ రంగుల్ని పట్టే గ్రాహకాలు దానికి లేవు. నీలం మాత్రం మనకంటే బాగా తెలుస్తుంది. కాబట్టి భయపడాల్సింది జీన్స్ ప్యాంటు గురించి, నీలం బ్యాగు గురించి, బట్టలు తళతళలాడేలా చేసే సబ్బుపొడి గురించి. వెస్టును ఆ మెరుపు మందు లేని సబ్బుతో ఉతకండి. ఎండకి, ఉతుకులకి ఫ్లోరసెంట్ రంగు వెలిసిపోతుంది. పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. వెలిసిందాన్ని తోటపనికి వాడుకుని కొత్తది కొనండి.

5. ఈ రంగు చీకట్లో వెలగదు. పడే వెలుతురుని తిప్పి ఇస్తుంది కాబట్టే సందెవేళ కూడా అంత బాగా కనిపిస్తుంది. వెలుతురే లేకపోతే ఇవ్వడానికి ఏమీ ఉండదు. చీకట్లో నడిచి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు తలకు దీపం పెట్టుకోండి. బ్యాగులో ఇంకో దీపం ఉండాలి.

6. బ్యాగులో ఏముండాలి? నీళ్లు, తిండి, మ్యాపు, దిక్సూచి, ఈల, అగ్గిపెట్టె, రక్తం ఆపే కట్టు, కత్తి, తాడు, చేతి తొడుగులు. ట్యాగు రాయడానికి బాల్‌పెన్ను కూడా. చంపిన జింకను కదిలించక ముందే ట్యాగు నింపి చెవికి కట్టాలి. తెల్ల చేతిరుమాలు, తెల్ల టిష్యూ కాగితం మాత్రం వద్దు. ఇక్కడి జింక పరిగెత్తేటప్పుడు తెల్లతోక పైకెత్తుతుంది. దూరాన తెల్లగా కదిలిందాన్ని చూసి తొందరపడేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు.

7. తుపాకి పట్టీ బ్యాగు పట్టీ మీదనుంచి జారుతుంది. ఇంట్లోనే, తూటాల్లేకుండా, బ్యాగుతో సహా తుపాకి భుజానికెత్తి చూసుకోండి. పట్టీ బకిలు తుపాకి మడమ కింద పడితే భుజం కములుతుంది, గురీ తప్పుతుంది. చెట్టు మీది మంచె ఎక్కేటప్పుడు బ్యాగు, తుపాకి రెండూ కిందే ఉంచి, ఒంటికి బెల్టు కట్టుకుని ఎక్కండి. ఆ తర్వాత తాడుతో పైకి లాక్కోండి. తుపాకిలో తూటాలు ఉండకూడదు.

8. జింక పడ్డాక కూడా జాగ్రత్త విడవద్దు. మోకాళ్ల మీద వంగి కోసే మనిషి పొట్టిగా, ముద్దగా కనిపిస్తాడు. పక్కనే గోధుమరంగు చర్మం, తెల్లతోక. అప్పుడు బ్యాగు మీది వెస్టు విప్పి, తల ఎత్తున కొమ్మకు తగిలించండి. మాంసం బ్యాగులో మోసుకొస్తుంటే కొమ్ములు మీ తలకంటే పైకి పొడుచుకొస్తాయి. వాటికి ఆరెంజ్ గుడ్డ చుట్టకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. లాక్కొచ్చేటప్పుడు జింక మీద కూడా కప్పండి.

9. చివరి మాట వేట జోలికి పోని కుటుంబాలకు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అడవిదారుల్లో నడకకు వెళ్తారు. వేటగాళ్లు తిరిగేదీ ఆ రోజుల్లోనే. మా రాష్ట్రపు గేమ్ ల్యాండ్స్‌లో, అంటే ప్రభుత్వ వేట భూముల్లో, నవంబర్ 15 నుంచి డిసెంబర్ 15 వరకు వేటాడనివాళ్లు కూడా ఆరెంజ్ వేసుకోవాలని నిబంధన ఉంది. మిగతా అడవుల్లోనూ వేసుకోండి. పిల్లాణ్ణి వీపున మోసే క్యారియర్‌కూ ఒక వెస్టు కట్టండి, కుక్క ఉంటే దానికీ ఒకటి తొడగండి. వేటసామాన్లు అమ్మే కొట్లలో మామూలు వెస్టు పెద్ద ఖరీదేమీ కాదు. కారు డిక్కీలో ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పెట్టుకోండి.