మనశ్శాస్త్ర పదములు – మన యిండ్లలో వాని అర్థము

మనస్సును గూర్చి మాటలాడని మఠము లేదు. అయినను దానిని ప్రయోగశాలలో పరిశీలించుట ఇటీవలి సంగతియే. 1879లో జర్మనీ దేశమున లైప్జిగ్ నగరమందు విల్హెల్మ్ వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలతో మనశ్శాస్త్రము ప్రత్యేక శాస్త్రమైనదని చెప్పుదురు. మన దేశమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున దీనికొక శాఖ ఏర్పడినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథముల వలన ఈ శాస్త్రపదములు తెలుగున వాడుకకు వచ్చినవి. కాని అవి కళాశాల గడప దాటి మన యిండ్లకు అంతగా రాలేదు. వచ్చినవి కొన్ని వంకరగా వచ్చినవి.

అవధానమను మాట మనవారికి క్రొత్త కాదు. షట్స్థలములలో ప్రసాదిస్థలమునకు చెప్పిన భక్తి అవధానభక్తియే గదా! మనశ్శాస్త్రము ఈ పదమును ఇరుకైన అర్థమున గ్రహించును. ఇంద్రియములకు తగులు అనేక విషయములలో ఒకదానిని ఎన్నుకొని తక్కినవానిని వెనుకకు నెట్టు మనోవ్యాపారము అవధానము. ఉగాదికి ముందు కన్నడ యాత్రికులు మన ఆత్మకూరు మీదుగా వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిని శ్రీశైలమునకు నడచిపోవుటను పాఠకులెరుగుదురు. భజన సాగునంతసేపు కాలిబొబ్బ అంతగా బాధింపదు. చెట్టు క్రింద కూలబడగానే సలుపును. నొప్పి అప్పుడు పుట్టినది కాదు, అవధానము అటు మరలినది.

ఆ యడవిలోనే మరి రెండు పదములు తేటపడును. ఎండుటాకుల అలికిడి చెవిని తాకుట సంవేదనము. “అది ఎలుగుబంటి” యని గ్రహించుట ప్రత్యక్షము. అలికిడి ఒక్కటే, నల్లమలలో పుట్టి పెరిగినవాడు దానిని అడవిపంది యనును, పట్టణవాసి చిరుతపులి యని వణకును. పూర్వానుభవము ప్రత్యక్షమును అంతగా మలచును. తర్కశాస్త్రమున ప్రత్యక్షమనిన ప్రమాణము; ఇచ్చట అది పొరబడుటయు కలదు. ఈ భేదమును విద్యార్థులు గమనింపవలెను.

కోరినది అందక అడ్డుపడినపుడు కలుగు మనఃస్థితి కుంఠనము. ఆ కోపమును అసలు కారణముపై చూపలేక బలహీనునిపై చూపుట విస్థాపనము. వేసిన బోరు ఎండినది, అప్పు మిగిలినది. మేఘమును తిట్టి లాభము లేదు, అప్పిచ్చిన వానిని తిట్టుటకు ధైర్యము చాలదు. ఆ సాయంకాలము కూరలో ఉప్పు తగ్గినదని భార్యపై విరుచుకుపడుట, కుమారుని మార్కుల పట్టికను విసరికొట్టుట మన మెట్టపల్లెలలో అరుదు కాదు. తన చేతకు అందమైన కారణము కల్పించుకొనుట హేతుకరణము. దీనికి ఉదాహరణము వెదకనక్కరలేదు. నిత్యపూజ మానినవానిని కారణమడిగిన చాలును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది కుంగుబాటు. సామాన్యమైన దుఃఖము వేరు, ఇది వేరు. రెండు వారములు లేక అంతకు మించి మనస్సు క్రుంగియుండుట, ప్రీతికరమైన పనులపై ఆసక్తి నశించుట, నిద్రాహారములు తప్పుట, తానెందుకు పనికిరానను భావము, మరణచింత – ఇవి దాని లక్షణములు. ఇట్టివానిని ఇంటివారు సోమరి యందురు, మరికొందరు భక్తి చాలదందురు. రెండును తప్పే. జ్వరము వచ్చినవానిని భక్తి చాలదని ఎవరును నిందింపరు గదా! ఇది చికిత్సకు లొంగు వ్యాధి. మఠమున అయ్యవారిచ్చిన విభూతిని ధరించుటకు, వైద్యుడిచ్చిన మందును సేవించుటకు విరోధము లేదు. విభూతి ఉన్నదని మందును ఆపుట మాత్రము ప్రమాదకరము.

చావవలెనను తలంపు కలదా యని అడిగినచో లేని తలంపు పుట్టునని పలువురు జంకుదురు. అడుగుట వలన అట్లు పుట్టదు; పెక్కుమారులు బరువు దిగును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావించి చికిత్స నందింపవలెనని చెప్పుచున్నది. కావున కేసు భయముతో విషయమును దాచనక్కరలేదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగము కలదు. 2022లో ఆరంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసిన, రేయింబవళ్లు ఏ వేళనైనను తెలుగున మాటలాడి ఉచితముగా సలహా పొందవచ్చును.