కీళ్లనొప్పి వేషములో వచ్చు నీటిజబ్బు

మన దేహములోని భాగములను ఒకదానితో నొకటి కూర్చి నిలుపు కణజాలమును సంయోజక కణజాలమందురు. ఎముక, మృదులాస్థి, ఎముకను ఎముకతో కట్టు సంధిబంధనము, కండను ఎముకతో కట్టు స్నాయుబంధనము – ఇవన్నియు ఈ జాతిలోనివే. వీనికి కలుగు వ్యాధులు పలు వేషములు వేయును. అందు మన పేరేసంద్ర ప్రాంతమువారు తప్పక ఎరుగవలసినది ఫ్లోరోసిస్.

చిక్కబళ్లాపురము జిల్లాలో జీవనది లేదు. చెరువులు ఎండినకొలది బోరుబావులు లోతైనవి. రాతిలోని ఫ్లోరైడు ఆ నీటిలో కరగును. బాగేపల్లి, గుడిబండ తాలూకాలలో పెక్కుచోట్ల ఇది మితిమీరినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచో 1.5 వరకు ఓర్వవచ్చుననియు మన దేశప్రమాణము.

1937లో షార్ట్ మొదలగు వైద్యులు నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి ఈ వ్యాధిని వర్ణించిరి. ఇందు సంధిబంధనములు క్రమముగా ఎముకవలె గట్టిపడును. నడుము వంగదు, మెడ తిరుగదు. ఇంటివారు కీళ్లవాత మనుకొందురు. వెన్నెముకలోని నాళము ఇరుకై నరములు నొక్కుకొన్నచో కాళ్లు పట్టు తప్పును. అప్పుడు పక్షవాత మనుకొందురు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మరియొక రూపమును వెల్లడించిరి: ఎదిగెడి పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుట.

దీనిని గుర్తించుటెట్లు? పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు మొదటి సూచన. అయితే పండ్లపింగాణి బాల్యములోనే ఏర్పడును. కనుక పెద్దయిన పిమ్మట పొరుగూరినుండి వచ్చిన కోడలి పండ్లు తెల్లగనే యుండి, ఎముకలు మాత్రము చెడవచ్చును. అట్టివారి నొప్పికి మందు అడుగునపుడు, త్రాగు నీటి సంగతియు వైద్యునకు చెప్పవలెను.

గట్టిపడిన బంధనములను మరల మెత్తబరచు ఔషధము లేదు. రాకుండ చూచుకొనుటయే మార్గము. నీటిని మరగించిన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. శుభ్రముగ పట్టిన వాననీరు మేలు. రాగిసంగటి, పాలు, మజ్జిగ మున్నగువానిలోని కాల్షియము పిల్లల ఎముకలకు బలము.

తలిదండ్రులారా, మీ బోరునీటిని పరీక్ష చేయింపుడు. విద్యార్థులారా, తోటివాని పండ్ల మచ్చలను చూచి నవ్వకుడు. అవి అతడు పండ్లు తోమనందున వచ్చినవి కావు. మనమందరము త్రాగు నీటినుండి వచ్చినవి.